ఉన్ని బనియను, పాలిస్టర్ బనియను

తమ్ముడు పోయి నలభై రోజులు దాటాక, దావ్లత్ రెండు బనియన్లు చంకన పెట్టుకుని వేట నేర్పే మురాద్ ఉస్తాద్ ఇంటికి వచ్చాడు.

ఒకటి ఉన్నిది, వాళ్ళమ్మ చేత్తో అల్లింది. రెండోది పాలిస్టర్‌ది, పట్నంలో కొన్నది. రెండూ ఉస్తాద్ ముందు పరిచాడు.

“వేటకెళ్ళేటప్పుడు లోపల ఏది వేసుకోవాలి, ఉస్తాద్?”

పామీరు కొండల్లో ఇది చిన్న ప్రశ్న కాదు. చలికాలంలో తోడేళ్ళు కిందికి దిగి గొర్రెల దొడ్ల మీద పడతాయి. వాటి కోసం కొండమీద మంచులో గంటలకొద్దీ కదలకుండా కూర్చోవాలి. టీకొట్టు దగ్గర రోజూ ఇదే గొడవ. ఉన్ని తడిసినా వెచ్చగా ఉంటుందని కొందరంటారు. తడిస్తే సాయంత్రం దాకా ఆరి చావదని మిగతావాళ్ళంటారు. పాలిస్టర్ తేలిక, చిటికెలో ఆరిపోతుందని ఒకడంటే, రెండు రోజులు వేసుకుంటే ఆ కంపు తోడేలుకి మైలు దూరం నుంచే తెలుస్తుందనీ, నిప్పురవ్వ పడితే ఒంటికి అతుక్కుపోతుందనీ ఇంకొకడంటాడు. ఇలా గొంతు చించుకునే వాళ్ళలో సగంమంది పొయ్యి దగ్గర్నుంచి కదిలే రకం కాదు.

కానీ దావ్లత్ అడిగింది అది కాదు. ఉస్తాద్‌కీ ఆ సంగతి తెలుసు.

పాలిస్టర్ బనియను దావ్లత్ తన తమ్ముడు నియాజ్ కోసం కొన్నది. వాడికి పంతొమ్మిదేళ్ళు. మొదటిసారి ఉస్తాద్ వెంట వేటకి వెళ్తున్నాడని అన్న మురిసిపోయి కొనిచ్చాడు. అమ్మ అల్లిన ఉన్నిదాన్ని గోడకున్న మేకుకి తగిలించేసి, వాడు అన్న ఇచ్చింది వేసుకుని వెళ్ళాడు. కొండమీద ఉస్తాద్ ఒక బండ వెనక కూర్చున్నాడు. వాడు కేకేస్తే వినబడేంత దూరంలో ఇంకో బండ వెనక కూర్చున్నాడు. మధ్యాహ్నం ఉస్తాద్ వెళ్ళి భుజం తట్టేసరికి తుపాకి ఒళ్ళో పెట్టుకుని అలాగే ఉన్నాడు. ప్రాణం లేదు.

శవానికి స్నానం చేయించేటప్పుడు ఒంటి మీంచి తీసిన బనియనే ఇది.

“నా బిడ్డకి కఫన్ గుడ్డ కొనిచ్చావురా” అంది అమ్మ. ఆ ఒక్క మాటే. ఆ తర్వాత పెద్దకొడుకుతో మాట్లాడటం మానేసింది. అన్నం పెడుతుంది, మొహం పక్కకి తిప్పుకుంటుంది. ఊరు కూడా ఆవిడ మాటే అందుకుంది. నలభై రోజులుగా ఊరంతా ఆ బనియన్ని తిడుతుంటే ఉస్తాద్ ఔననలేదు, కాదనలేదు.

ఉస్తాద్ రెండు గుడ్డలూ వేళ్ళతో నలిపి చూశాడు. ఉన్నిదాన్ని దావ్లత్ చేతిలో పెట్టాడు. రెండోది మడిచి తన సంచిలో వేసుకున్నాడు.

“పొద్దున్నే రా. అమ్మ అల్లింది వేసుకునిరా.”

*

పొద్దు పొడిచే వేళకి ఇద్దరూ కొండ మొదట్లో ఉన్నారు. నియాజ్ ఎక్కిన దారే.

అక్కడి వేటగాళ్ళకి ఒక పద్ధతి ఉంది. శిష్యుడు దారిలో ఏదీ ఉస్తాద్ కంటే ముందు చెయ్యకూడదు. ఆయన కూర్చోనిదే కూర్చోకూడదు, ఆయన తాగనిదే తాగకూడదు. ఆయన గొర్రెతోలు కోటు మీది నడికట్టు విప్పనిదే వీడు విప్పకూడదు. అలా విప్పినవాణ్ణి ఊళ్ళో ఆడపిల్లలు కూడా ఏడిపిస్తారు. ఎవరూ రాసిపెట్టింది కాదు. తాతల నాటి నుంచి ఉంది కాబట్టి ఉంది.

మురాద్ ఉస్తాద్‌కి అరవై ఎనిమిదేళ్ళు. ఎముకల మీద చర్మం తప్ప ఇంకేమీ లేదు. మెడదాకా గుండీలు పెట్టుకుని, నడికట్టు బిగించుకుని, చేతులు వెనక కట్టుకుని ఎక్కేస్తాడు. ఆయనకి చెమటంటే ఏమిటో మర్చిపోయి చాలా ఏళ్ళయింది.

దావ్లత్‌కి పాతికేళ్ళు. రెండు తుపాకులూ, తూటాల పెట్టె, రొట్టెల మూట అతని వీపు మీదే ఉన్నాయి. మోకాళ్ళ లోతు మంచు. సగం కొండ ఎక్కేసరికి మెడ వెనక నుంచి చెమట ధారగా దిగుతోంది. నడికట్టు కాస్త వదులు చేసుకుందామని చెయ్యి అటు పోయింది. ముందు నడుస్తున్న ఉస్తాద్ వీపు చూశాడు. నడికట్టు బిగించే ఉంది. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

పైకి చేరాక ఉస్తాద్ బండ చూపించాడు. నియాజ్ కూర్చున్న బండ. దావ్లత్ కాళ్ళు ఒక్క క్షణం ఆగిపోయాయి. అయినా వెళ్ళి కూర్చున్నాడు. ఈసారి ఉస్తాద్ వేరే చోటికి పోలేదు, పక్కనే చతికిలబడ్డాడు.

మొదట్లో హాయిగానే ఉంది. ఒళ్ళు వేడిగా ఉంది, గాలి చల్లగా తగులుతోంది. అమ్మ అల్లిన బనియను ఒంటి మీద ఉంది, ఇంకేం భయం అనుకున్నాడు. కాసేపటికి వీపు మీద ఎవరో తడిగుడ్డ పరిచినట్టు అనిపించింది. ఆ తర్వాత పళ్ళు టకటకలాడటం మొదలైంది. పళ్ళ చప్పుడుకి వేట చెడుతుందని దవడ బిగబట్టాడు.

“చలిగా ఉందా?” అన్నాడు ఉస్తాద్.

“లేదు, ఉస్తాద్.”

శిష్యుడు ఇంకేమంటాడు?

ఎండ వచ్చింది కానీ అందులో వేడి లేదు. దావ్లత్‌కి వేళ్ళు ఉన్నాయో లేవో తెలియడం మానేసింది. ఎదుటి వాలు మీద బూడిదరంగు తోడేలు ఒకటి కనిపించింది. తుపాకికి అందేంత దూరంలోనే నిలబడి ఇటే చూసింది. దావ్లత్ తుపాకి ఎత్తాడు. ట్రిగ్గర్ మీద వేలు పెట్టాననుకున్నాడు. వేలు దాని పక్కన, గాలిలో ఉంది. తోడేలు తన దారిన తాను వెళ్ళిపోయింది.

ఉస్తాద్ తోడేలు వంక చూడనేలేదు. దావ్లత్ మొహంలోకే చూస్తున్నాడు.

తర్వాత వణుకు ఆగిపోయింది. నిద్ర ముంచుకొచ్చింది, ఎంత తియ్యగా వచ్చిందంటే, చిన్నప్పుడు అమ్మ పక్కన కూడా అంత తియ్యటి నిద్ర పోలేదు. ఇలా కళ్ళు మూసుకుంటే సరిపోతుంది, ఇంక అమ్మ మొహం తిప్పుకోవడం చూడనక్కర్లేదు అనిపించింది.

చెంప ఛెళ్ళుమంది.

ఉస్తాద్ అతని నడికట్టు తెంపినంత పని చేసి, కోటు గుండీలు విప్పి, బనియను కిందికి చెయ్యి దూర్చాడు. చెయ్యి బయటికి తీసి చూశాడు. అరచెయ్యి తడిసి ఉంది. చూస్తుండగానే గాలికి ఆ తడి బిగిసి తెల్లగా మెరిసింది.

ఆయన ఆ చేతిని చూస్తూ ఉండిపోయాడు. తర్వాత రెండో చెయ్యి తన కోటు లోపల, గుండె మీద పెట్టుకున్నాడు. పొడిగా ఉంది.



గబగబా ఉన్ని బనియను ఊడదీసి, మంచు మీద పారేసి, తన తలగుడ్డతో దావ్లత్ ఒళ్ళంతా ఎర్రబడేలా రుద్దాడు. సంచిలోంచి నియాజ్ బనియను తీశాడు. దావ్లత్ భయపడిపోయాడు.

“వద్దు, ఉస్తాద్. అది వద్దు.”

“చేతులెత్తు.”

పసివాడికి తొడిగినట్టు తొడిగాడు. పైన కోటు వేసి, తన కోటు కూడా దాని మీద కప్పి, వీపు తిప్పి తన వీపుకి ఆనించుకుని కూర్చున్నాడు. చాలాసేపటికి దావ్లత్‌కి మళ్ళీ వణుకు పుట్టింది. ఇంకా చాలాసేపటికి వేళ్ళు సూదులతో పొడిచినట్టు నొప్పెట్టడం మొదలెట్టాయి. బతికాడు.

తమ్ముడి బనియనులో వెచ్చగా కూర్చుని దావ్లత్ ఏడ్చాడు. నలభై రోజుల్లో ఏడవటం ఇదే మొదలు.

“ఇది పొడిగా ఉంది, ఉస్తాద్. పొడిగా ఉంటే వెచ్చగానే ఉంది. మరి వాడెందుకు పోయాడు?”

మంచు మీద పడి ఉన్న ఉన్ని బనియను అప్పటికే రేకులా బిగుసుకుపోయింది. ఉస్తాద్ దాన్ని తీసి చేత్తో పట్టుకుని కొండ దిగాడు. ఇంటి ముందు విడిపోయేటప్పుడు అన్నాడు.

“రెండు రోజులు పడుకో. మూడో రోజు పొద్దున్నే రా.”

“ఏది వేసుకుని రమ్మంటారు?”

“నీ ఇష్టం.”

*

మూడో రోజు పొద్దున కొండ మొదట్లో గాలి ఇంకా ఎక్కువగా ఉంది. దావ్లత్ తుపాకులు సర్దుకుని, ఎప్పటిలాగే ఉస్తాద్ ముందు నడుస్తాడని నిలబడ్డాడు.

ఉస్తాద్ నడవలేదు. చేతి తొడుగులు తీసి చంకలో పెట్టుకున్నాడు. నడికట్టు ముడి విప్పాడు. వేళ్ళు సహకరించక ఒక్కో గుండీకీ అవస్థ పడుతూ, మెడ దగ్గర్నుంచి కింది దాకా అన్నీ విప్పి, గొర్రెతోలు కోటు ఒంటి మీంచి తీసేశాడు. దాన్ని చుట్టచుట్టి, అదే నడికట్టుతో వీపుకి కట్టుకున్నాడు.

లోపల పలచటి చొక్కా ఉంది. దాని కింద పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. అరవై ఎనిమిదేళ్ళ ముసలాయన గాలికి నిలువునా వణికిపోతున్నాడు. నలభై ఏళ్ళుగా ఆయన కొండ ఎక్కుతున్నాడు, కోటు లేకుండా ఎక్కడం ఎవరూ చూసి ఎరగరు.

దావ్లత్ సిగ్గుతో తల దించుకున్నాడు.

“వేసుకోండి ఉస్తాద్, జబ్బు చేస్తుంది.”

“నువ్వు కూడా తియ్యి” అన్నాడు ఉస్తాద్.

దావ్లత్ చెయ్యి నడికట్టు దాకా వెళ్ళింది కానీ ముడి మీద ఆగిపోయింది.

“నియాజ్ ఎక్కిన రోజు నేను తియ్యలేదు” అన్నాడు ఉస్తాద్.

దావ్లత్ తలెత్తి ఆయన్ని చూశాడు. చాలాసేపు చూశాడు. ముందు కోపం వచ్చింది, చేతిలో తుపాకి ఉందన్న సంగతి గుర్తొచ్చేంత కోపం. ఉస్తాద్ ఆ కోపాన్ని చూశాడు. కళ్ళు తిప్పుకోలేదు, కోటు కోసం చెయ్యి చాచలేదు. అలాగే వణుకుతూ నిలబడ్డాడు.

దావ్లత్ తుపాకి మంచులో గుచ్చి నిలబెట్టి, నడికట్టు ముడి విప్పాడు. కోటు తీశాడు.

ఇద్దరూ ఎక్కడం మొదలుపెట్టారు. ఈసారి ఉస్తాద్ ముందుకి పోకుండా వెనకే ఉండిపోయాడు. సగం దారిలో ఆయన గొంతు వినిపించింది, చలికి ముక్కలు ముక్కలుగా.

“సాయంత్రం మీ ఇంటికి వస్తాను. మీ అమ్మను ఎక్కడికీ వెళ్ళొద్దని చెప్పు.”