వెలిసిన పసుపు

చిప్పలరేవు కోటలో పైడయ్య గురి తప్పని గోలందాజు. ఫిరంగి దగ్గర అతనుంటే రేవుకు బెంగ లేదనేవారు. అలాంటివాడు ఆ ఉదయం కొండ దిగివచ్చి, గురువు జమాల్ షా గుడిసె ముందు తలవంచుకుని నిలబడ్డాడు.

"బాబా, నానిక ఫిరంగి ముట్టను. ఫకీరునైపోయి మీ కాడే ఉండిపోతాను."

ఎందుకో బాబాకి తెలుసు. యుద్ధం మొదలైనప్పట్నుంచి సైన్యం తినే బియ్యమంతా ఆ రేవులోనే దిగుతోంది. మన పడవలు గుర్తుగా పసుపు గుడ్డ ఎగరెయ్యాలి. అది లేని పడవ కనబడితే కొట్టెయ్యాలి. అదీ కోటను ఏలే కిల్లేదారు హుకుం.

మూడు రోజుల కిందట తెల్లగుడ్డతో ఓ పడవ వచ్చింది. పైడయ్య కొట్టాడు. గురి ఎప్పటిలాగే తప్పలేదు. తీరా చూస్తే అది మన బియ్యం పడవే. పసుపులో ముంచిన గుడ్డ నెల్లాళ్ళ ఎండకు వెలిసి తెల్లబడిపోయింది. పసుపు రంగు ఎండకు నిలవదని ఆడవాళ్ళందరికీ తెలుసు. కోటలో అంతమంది మొనగాళ్ళున్నారు, ఒక్కడికీ తోచలేదు. పడవ సరంగు నూకయ్య ఎలాగో ఒడ్డునపడ్డాడు. అతని తమ్ముడు నీళ్ళలోనే పోయాడు.

"హుకుం ప్రకారమే కొట్టావు గదా," అన్నాడు బాబా.

"తెరచాప అతుకులు సూత్తే మనోళ్ళదేమో అనిపించింది బాబా. అనిపించినా ఆగనేదు."

బాబా పొయ్యి మీది గంజి ముంత నిండా పోసి అతని చేతికిచ్చాడు.

"లోపల ఒకతను పడుకున్నాడు. ఇచ్చిరా."

లోపల చాప మీద, భుజానికి కట్టుతో ఉన్నది నూకయ్య. పైడయ్య చేతులు వణికాయి. వేడి గంజి తొణికి వేళ్ళు కాలాయి. ముంత మాత్రం వదల్లేదు.

"కొట్టింది నువ్వేనా?" అన్నాడు నూకయ్య.

"నానే."

నూకయ్య గోడవైపు తిరిగాడు.

"బాబాతో అన్నది ఇన్నాను. నువ్వు మానేత్తే నీ సోట్లో ఎవుడుంటాడు?"

"కొత్తోడు. మాంచి ఉషారైనోడు. ఆడికి సెయ్యి వణకదు."

"భుజం మానితే నాను మళ్ళీ బియ్యమెత్తుకుని ఈ రేవుకే రావాల," అన్నాడు నూకయ్య.

క్షమించానని అనలేదు. బాగున్న చేత్తో ముంత అందుకున్నాడు.

పైడయ్య బయటికొచ్చాడు. కాలిన చెయ్యి ఇంకా వణుకుతూనే ఉంది. దాన్ని రెండో చేత్తో గట్టిగా అదిమిపట్టుకున్నాడు.

బాబా ఆ చేతిని విడిపించాడు. గుడిసె చూరులోంచి వెలిసిన ఓ గుడ్డ తీశాడు. నూకయ్య నీళ్ళలోంచి బయటపడ్డప్పుడు గుప్పిట్లో ఉన్న గుడ్డ అది. అందులో ఒక పేలిక చింపి కాలిన వేళ్ళకు మెత్తగా చుట్టాడు.

"ఈ వణుకు పోనివ్వకు నాయనా."

పైడయ్య కాసేపు ఆ కట్టువైపే చూశాడు. తర్వాత మళ్ళీ ఫిరంగి వైపు కోట మెట్లెక్కాడు.