వాగు దాటితే మూగబోయే పెట్టె

పెద్దవాగుకి ఇవతలి గట్టున ప్రతి శనివారం జంతువుల సంత. సంతలో అన్నిటికన్నా రద్దీగా ఉండేది గాడిద పోలయ్య కొట్టు. కొట్టు పోలయ్యదే గానీ సరుకు నక్క జంబయ్యది. ఆ సరుకు కూడా ఒకటే, కాపలా పెట్టె. వెదురు పెట్టెలో జంబయ్య ఒక తీతువు పిట్టను కూర్చోబెట్టాడు. పొంచి పొంచి వచ్చే మృగం ఏదైనా కంతలోంచి కనబడితే చాలు, పిట్ట ఊరంతా లేచేలా అరుస్తుంది. ఆ పెట్టె వచ్చాక ఇవతలి గట్టున చిరుతకి పస్తులే.

కొట్టు తెరిచిన రోజే జంబయ్య ఒక తాటాకు మీద పోలయ్య గిట్ట ముద్ర వేయించుకున్నాడు. చెప్పిన ధరకే అమ్మాలి. మూత విప్పకూడదు. అవతలి గట్టు వాళ్ళకి మాత్రం చచ్చినా అమ్మకూడదు.

"అవతల కూడా చిరుత తిరుగుతోంది గదా దొరా," అన్నాడు పోలయ్య.

"తిరుగుతోంది కాబట్టే. వచ్చే ఏడు అక్కడ మా బావమరిది కొట్టు పెడతాడు, రెట్టింపు ధరకి. అందాకా వాళ్ళని బాగా భయపడనీ. గాడిదకేం తెలుసు గంధపు చెక్కల వాసన, చెప్పింది చెయ్యి."

పోలయ్య చెప్పింది చేశాడు. పుట్టినప్పటినుంచీ మొయ్యడమే అలవాటైనవాడు, మోస్తున్నదేమిటో ఎప్పుడూ అడగలేదు.

ఒక శనివారం అవతలి గట్టు మేక సూరమ్మ వచ్చి, ఒక పెట్టెను కొట్టు ముందు దించింది.

"ఇవతల ఉండే మా మరదల్ని బతిమాలి తెచ్చుకున్నానన్నా. ఇక్కడ అరిచిన పిట్ట మా దొడ్లో కిక్కురుమనలేదు. పెట్టె పక్కనుంచే చిరుత నా నల్లపిల్లని ఎత్తుకుపోయింది. ఇంక రెండే మిగిలాయి."

పెట్టె తన కొట్లోదే. పోలయ్యకి సిగ్గుతో తల వాలిపోయింది. ఇంక ఆకూ లేదు ముద్రా లేదనుకుని పళ్ళతో మూత లాగేశాడు.

"వాగు దాటితే నోరెందుకు మూశావే?"

"అయ్యగారి ఆజ్ఞ," అంది తీతువు. "నీళ్ళ చప్పుడు చెవిన పడితే నోరు కట్టెయ్యాలి. మళ్ళీ పడేదాకా తెరవకూడదు. పిల్లని ఎత్తుకుపోతుంటే చూడలేక కళ్ళు మూసుకున్నాను. కానీ ఆయన ఉప్పు తింటున్నాను."

"చప్పుడు నీకు వినబడకపోతే?"

తీతువు తల వాల్చి ఆలోచించింది. "వినబడనిదానికి నా పూచీ లేదు."

పోలయ్య మూత బిగించి పెట్టెను గోనెసంచిలో కట్టాడు. సూరమ్మ కంగారు పడింది. "వద్దన్నా, నీ కొట్టు పోతుంది."

"పోనీ అక్కా. కొట్టు లేకముందు కూడా బతికాను. నీ పిల్ల పోతే మళ్ళీ వస్తుందా?"

నీళ్ళలో మొదటి అడుగు పెడుతూనే పోలయ్య ఓండ్ర అందుకున్నాడు. కొంగలు లేచిపోయాయి. బండరాయి తగిలి మోకాలు చీరుకుపోయింది, గుండెలు ఎగిసిపడ్డాయి, అయినా ఆపలేదు. రెండు ఓండ్రల మధ్య కాస్త సందు దొరికినా పిల్ల ప్రాణం ఆ సందులోంచే పోతుందని అతనికి తెలుసు. అవతలి గట్టు ఇసుక కాలికి తగిలి, నాలుగు బారలు నడిచాకే నోరు మూశాడు. సూరమ్మ దొడ్లో సంచి విప్పి పెట్టెను దించాడు.

ఆ సాయంత్రం చిరుత వచ్చింది. తీతువు అరిచింది. గేదెలన్నీ కొమ్ములు వంచి వరసగా నిలబడేసరికి చిరుత వచ్చిన దారినే పోయింది.

మూడో రోజుకి సంగతి జంబయ్య చెవిన పడింది. తాటాకు పట్టుకుని కొట్టుకొచ్చాడు. "అవతలికి అమ్మావు."

"అమ్మలేదు దొరా, మోశాను. మొయ్యకూడదని ఆకు మీద లేదు."

"మూత విప్పావు."

"విప్పాను. కొట్టు తీసేసుకోండి."

కాళ్ళు పట్టుకుంటాడనుకున్న జంబయ్య తాటాకు నేలకేసి కొట్టాడు. కొట్టు లాక్కున్నాడు సరే, అవతల ఆ పెట్టె అరుస్తూనే ఉంటే రేపు బావమరిది దగ్గర రెట్టింపు ధరకి కొనేదెవరు? ఆ పిట్ట నోరు మూయించే పని ఇంకెవరికీ అప్పగించలేక, మిట్టమధ్యాహ్నం తానే వాగు దాటి, రెల్లు చాటున పొట్ట నేలకానించి సూరమ్మ దొడ్డి దగ్గరికి పాకాడు. అదే దొడ్లో పోలయ్య గడ్డిమోపు దించుతున్నాడు.

తీతువు గొంతు చించుకుంది.

"నోర్ముయ్, నేను, జంబయ్యని," అన్నాడు నక్క.

"పొంచి వచ్చేది ఏదైనా సరే, అరవమన్నారయ్యా. తమర్ని వదిలెయ్యమని చెప్పలేదు."

"వాగు దాటితే మూగదానిలా పడుండమని చెప్పానా లేదా?" జంబయ్య ఒళ్ళు మరిచి అరిచాడు.

"నాకు నీళ్ళ చప్పుడే వినబడలేదయ్యా. ఓండ్రే వినబడింది."

జంబయ్య తలెత్తి చూస్తే చుట్టూ గేదెలు, పొట్టేళ్ళు. అందరూ విన్నారు. ముందుకొచ్చింది సూరమ్మ.

"అయితే నా నల్లపిల్ల పోయింది నీ మాట మీదన్నమాట," అంది.

మేక కొమ్ములు చిన్నవే. అయినా మొదటి పోటు ఆమెదే. మిగతావి గేదెలు చూసుకున్నాయి. జంబయ్య వాగులో పడి, మూడు కాళ్ళతో ఇవతలికి తేలాడు. ఆ శనివారం రెండు గట్ల జంతువులూ పెట్టెలు సంతకి తెచ్చి మూతలు ఊడబీకాయి. పిట్టలకి మేత తామే పెడతామన్నాయి. జంబయ్య సంత మొహం మళ్ళీ చూడలేదు.

నీతి: సరుకు అమ్మినవాడు ధర అడగొచ్చు గానీ, కొన్నవాడి దొడ్లో దాని నోరు నొక్కాలని చూస్తే కొమ్ముపోట్లే దక్కుతాయి.