పువ్వు ఆగిన రెప్పపాటు

తణుకులో విత్తనాల కొట్టు పై అంతస్తులో సాఫ్ట్‌వేర్ పాఠాలు చెప్పే భీమశంకరం మాస్టారికి ఒక అలవాటుంది. శిష్యులు ఏ గేమ్ కట్టినా, ఏ అప్లికేషన్ తయారుచేసినా ఆయన స్క్రీన్ వంక చూడరు. అది ఎవరి కోసమో ఆ మనిషిని తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టమంటారు. తాను కంప్యూటర్ వెనక్కి వెళ్ళి, చేతులు కట్టుకుని, ఆ మనిషిని చూస్తారు. మాస్టారు కంప్యూటర్ వీపు దగ్గర నిలబడి మార్కులేస్తారని శిష్యులు వేళాకోళం చేసేవారు. ఆ మాట ఆయన చెవిన పడకపోలేదు. పట్టించుకోలేదంతే.

మూడేళ్ళుగా ఆయన దగ్గరే ఉన్న ఇందుమతికి మాత్రం ఈ అలవాటు ఒళ్ళుమంటగా ఉండేది. ఆమె కోపంలోనూ న్యాయం లేకపోలేదు. నెలకో కొత్త టూల్ దిగుతున్న రోజులివి. నిన్నటిదాకా పదిమంది ఆర్నెల్లు కూర్చుని కట్టిన అప్లికేషన్‌ని ఇవాళ ఇద్దరు కలిసి నెలలో కట్టేస్తున్నారు. చిన్నచిన్న గేములైతే రెండు రోజుల పని. అలా వచ్చిన ప్రతి టూల్‌నీ అన్నం నీళ్ళు మరిచి నేర్చుకున్న పిల్ల, తన పని మీద గురువు కళ్ళు ఒక్కసారైనా పడాలని కోరుకోదూ మరి!

ఈలోగా ఒక పని ఆమె చేతికొచ్చింది. బస్టాండు ఎదుట పీట వేసుకుని పూలమ్మే అచ్చియ్యమ్మకి నిరుడు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పట్టు తప్పింది. వేళ్ళని ఊరికే ఉంచొద్దని డాక్టరు చెబితే, మాస్టారు తన చేతికి అలవాటైన పాత టూల్‌తో ఆవిడ కోసం ఒక చిన్న గేమ్ కట్టారు. పైనుంచి మల్లెమొగ్గలు ఒక్కొక్కటే రాలుతుంటాయి. మౌస్ జరిపి కింద బుట్టతో పట్టుకోవాలి. నలభై మొగ్గలకి ఒక ఆట. మొదట్లో మూడో నాలుగో పట్టిన అచ్చియ్యమ్మ ఏడాది తిరిగేసరికి ఇరవై ఎనిమిది దాకా వచ్చింది. ముప్ఫై పట్టిన రోజున తిరిగి పీటెక్కి దండలు కడతానని ఆవిడ తనకి తానే ఒట్టు పెట్టుకుంది. అంతదాకా ఆ పీట మీద ఆవిడ తోటికోడలు కూర్చుంటోంది.

అయితే ఆ పాత టూల్‌తో కట్టినవేవీ ఇక బ్రౌజర్లలో తెరుచుకోవన్న కబురొచ్చింది. గేమ్‌ని కొత్తదానిలోకి మార్చే పని ఇందుమతి తీసుకుంది. ముందు పాత గేమ్‌ని పదిసార్లు ఆడి, లోపాలన్నీ నోటుబుక్కులో రాసుకుంది. ఒక్కొక్కటే సరిచేసి టిక్కు పెట్టుకుంది. రెండు రోజుల్లో ముగించింది. కొత్త గేమ్‌లో మొగ్గల మీద మంచుబిందువులు మెరుస్తాయి, బుట్ట అల్లిక కనిపిస్తుంది, పువ్వు పడితే గంట మోగుతుంది. చూసుకుని మురిసి ముక్కలైంది. మాస్టారు మామూలుగానే కంప్యూటర్ వెనక్కి వెళ్ళి నిలబడ్డారు.

సోమవారం అచ్చియ్యమ్మ పదకొండు పట్టింది. కొత్త కదా, అలవాటవుతుందిలే అన్నారందరూ. మంగళవారం తొమ్మిది. బుధవారమూ తొమ్మిదే. ఆట అయ్యాక ఆవిడ చాలాసేపు తన అరచేతిని చూసుకుంటూ కూర్చుంది.

"చెయ్యి మళ్ళీ వెనక్కిపోతోందండి మాస్టారండీ. శుక్రవారం నుంచి పీట మా తోటికోడలికే ఒదిలేత్తాను. ఇంక నా వల్ల కాదు" అని మెట్లు దిగి వెళ్ళిపోయింది.

ఇందుమతి గేమ్‌ని మళ్ళీ తెరిచింది. గేమ్‌లో పొరపాటు లేదు, వందసార్లు చూసుకుంది. అయినా మనసొప్పక మాస్టారినే అడిగింది. "మాస్టారూ, పాతదాన్ని కొత్త టూల్‌లోకి మార్చేటప్పుడు ఏది ఉంచాలి, ఏది తీసేయాలి? దానికో సూత్రం చెప్పండి."

మాస్టారు సూత్రమేదీ చెప్పలేదు. "రేపు పదింటికి ఆవిడని ఒక్కసారి రమ్మని కబురు పంపుతాను. నా చోట నువ్వు నిలబడు. ఆవిడ చెయ్యి చూడు" అన్నారు.

గురువారం ఇందుమతి మొదటిసారి కంప్యూటర్ వెనక నిలబడింది. అక్కణ్ణుంచి చూస్తే ఆమె పెట్టిన మంచుబిందువులు లేవు, అల్లిక లేదు. నరాలు తేలిన ఒక చెయ్యి మాత్రం ఉంది. ఆ చెయ్యి మౌస్‌ని గబగబా జరుపుకుంటూ వచ్చి, పువ్వు కిందకి చేరడానికి వేలెడు దూరంలో ఠక్కున ఆగుతోంది. ఆగి, ఊపిరి తీసుకుని, వేళ్ళు కూడదీసుకుని, అప్పుడు ఆ చివరి దూరం జరుగుతోంది. ప్రతి పువ్వుకీ అంతే. అలిసిపోయి ఆగుతున్నట్టు లేదు. దేనికోసమో ఎదురుచూస్తున్నట్టుంది. ఆ లోపల పువ్వు కిందపడిపోతోంది. ఆట ముగిసేసరికి ఏడు వచ్చాయి. అచ్చియ్యమ్మ కొంగు సర్దుకుని లేచింది.

"ఒక్క అరగంట కూర్చోండి" అని బతిమాలి, ఇందుమతి బీరువాలో మూలపడ్డ మాస్టారి పాత లాప్‌టాప్ తీసింది. పాత గేమ్ అందులో ఇంకా తెరుచుకుంటుంది. ఈసారి లోపాలు వెతక్కుండా, ఇందాక చూసిన చేతిని తలుచుకుంటూ ఆడింది. మొగ్గ రాలుతూ రాలుతూ బుట్టకి జానెడు పైన ఒక్క రెప్పపాటు ఆగింది. మళ్ళీ రాలింది. ఆ పాత టూల్ సరిగ్గా అప్పుడే, పువ్వు బుట్టలో పడితే వినిపించాల్సిన చప్పుడు ఫైలు తెచ్చుకోవడానికి పోతుంది, అది వచ్చేదాకా పువ్వు కదలదు. ఈ సంగతి ఇందుమతికి కొత్త కాదు. నోటుబుక్కు తెరిచి చూసుకుంది. లోపాల జాబితాలో మొదటిది అదే. 'పువ్వు మధ్యలో తట్టుకుని ఆగుతోంది.' పక్కన తను పెట్టిన టిక్కు.

తల కొట్టేసినట్టయింది. ఏడాది పాటు ఆ రెప్పపాటులో వేళ్ళు కూడదీసుకోవడం నేర్చుకున్న మనిషి కాళ్ళ కింద నుంచి, బాగుచేస్తున్నాననుకుంటూ, తనే నేలంతా లాగేసింది.

కొత్త గేమ్‌కి అంత తెలివితక్కువ పని రాదు. అందులో ఏదీ ఆగదు. పాతదానిలో అడక్కుండా వచ్చిన తడబాటుని కొత్తదానిలో కావాలని పెట్టడానికి ఇందుమతికి పదకొండు లైన్ల కోడ్ రాయాల్సి వచ్చింది. రాసి, అచ్చియ్యమ్మ ఎదురుగా నిలబడింది.

"మీ చెయ్యి వెనక్కి పోలేదండి. మీరు ఊపిరి తీసుకునే చోటు ఒకటుంది గేమ్‌లో. లోపం అనుకుని నేనే తీసేశాను. తప్పు నాది" అంది.

అచ్చియ్యమ్మ ఆమెని ఎగాదిగా చూసింది. "ఈ మాట సోమారమే చెప్పకపోయారా అమ్మాయిగారూ. మూడు రోజులై ముద్ద దిగట్లేదు నాకు" అని, కుర్చీలో కూర్చుని మౌస్ పట్టుకుంది.

ఇందుమతి ఎవరూ చెప్పకుండానే వెనక్కి వెళ్ళి, మాస్టారి పక్కన నిలబడింది. చెయ్యి వచ్చి ఆగింది. వేళ్ళు కూడుకున్నాయి. గంట మోగింది. మళ్ళీ మోగింది. నలభై మొగ్గలూ అయ్యేసరికి ఇరవై ఏడు. అచ్చియ్యమ్మ కొంగుతో కళ్ళొత్తుకుని, "ఇంకా మూడేనండి. పీట సంగతి తొందరపడొద్దని మా తోటికోడలికి చెప్పాలి" అంటూ మెట్లు దిగింది.

ఇందుమతి నిన్న అడిగిన ప్రశ్న ఇంకా మిగిలే ఉంది.

"అయితే మాస్టారూ, మీరు ఆ ఆగడం కావాలనే పెట్టారా?"

"లేదు. చప్పుడు ఫైలు ముందే తెచ్చిపెట్టుకోలేదు, అది నా బద్ధకం. సోమవారం ఆ చెయ్యి ఆగడం చూశాను గానీ, ఎందుకాగుతోందో నాకూ తెలియలేదు."

"మరి దాన్ని ఇక ఎప్పటికీ ఉంచేయడమేనా?"

మాస్టారు ఖాళీ కుర్చీ వంక చూస్తూ అన్నారు.

"నెల పోయాక ఆ చేతినే అడుగు."