సుంకులమ్మ వాకిలి

ఏ రాజు ఏలిన కాలమో తెలియదు, ఏ ఏటి ఒడ్డునో తెలియదు, అనగా అనగా ఒక గొర్రెలకాపరుల పల్లె. ఆ పల్లెలో సుంకులమ్మ అనే ముసలమ్మ ఉండేది. గొర్రెపిల్లలను గంపల కింద మూసి కాపాడడం ఆమె పని.

ఆ పల్లెకు ఒక ఆనవాయితీ ఉంది. వేసవిలో తీతువుపిట్ట చెరువుకట్ట మీద గుడ్లు పెడితే వాన వస్తుంది. మందను గట్టున వేయాలి. ఎండిన చెరువు నడుమ పెడితే వాన రాదు. మందను చెరువులోనే వేయాలి. గుడ్లు చూసి చెప్పడం సుంకులమ్మ వంతు.

ఒక ఏడు తీతువు కట్ట మీద పెట్టింది. చినుకు రాలలేదు. మడుగులో చేపలు వెల్లకిలా తేలాయి. మరుసటి ఏడు చెరువు నడుమ పెట్టింది. వడగళ్ళు కురిసి చూలు గొర్రెలు నెలలు నిండకుండానే ఈచుకుపోయాయి. మూడవ ఏడు కట్ట మీద ఒక గూడు, చెరువులో ఒక గూడు.

సుంకులమ్మ అటు చూసింది, ఇటు చూసింది, ఆకాశం వంక చూసింది. ఏమీ తోచలేదు.

"చెప్పవే అవ్వా," అన్నాడు పెద్దకాపరి తిమ్మప్ప.

"తెలియడం లేదు నాయనా."

"చూపు పోయిందా, మతి పోయిందా?"

"రెండూ ఉన్నాయి. పిట్టకే తెలియనిది నేనేమి చెప్పేది?"

అందరూ నవ్వారు. చెరువులో పచ్చిక ఉంది, గట్టున బండలున్నాయి. మందను చెరువులోనే వేసి, చుట్టూ ముళ్ళకంప బిగించారు. తన భయం వానను తలచుకొనో, వయసు వల్లనో సుంకులమ్మకే తెలియలేదు. అయినా గట్టు వైపు కంప విప్పింది. తిమ్మప్ప కట్టాడు. ఆమె విప్పింది. అతడు కట్టాడు. ఆమె మళ్ళీ విప్పి, ఆ సందులో కూర్చుంది.

"తోడేలు వస్తే?"

"అరుస్తాను."

"నీ అరుపుకు దోమ కూడా లేవదు," అని విసుక్కొని వెళ్ళాడు.

ఒకనాటి మిట్టమధ్యాహ్నం ఆకాశంలో మబ్బుతునక లేదు. మంద కునుకుతోంది. ఎక్కడి నుండో వాగు పొంగి చెరువులో పడింది. సుంకులమ్మ గొర్రెలను ఆ సందులో నుండి గట్టుకు తోలింది. తిరిగి వెళ్ళి ఒక గంప ఎత్తింది, మరొక గంప ఎత్తింది, మరొకటి ఎత్తింది. పిల్లలు తల్లుల అరుపు విని కట్టెక్కాయి. సుంకులమ్మ ఎక్కలేదు.

తిమ్మప్ప కట్ట మీద నిలబడి పైకి చూశాడు. "వాన లేదే, ఈ నీళ్ళెక్కడివి?" అన్నాడు.

నేటికీ ఆ వైపు కాపరులు మంద వేస్తే గట్టు వైపు కంప కట్టరు. దానిని సుంకులమ్మ వాకిలి అంటారు. ఆ వాకిట ఒక మనిషి మేలుకొని కూర్చుంటాడు. "వాన వస్తుందా?" అని దారినపోయేవారు అడిగితే, "ఏమో, వాకిలి తీసే ఉంది," అంటాడు.