వాల్వు తీసిన చోట బోల్టు

సన్యాసిరావు మాస్టారిది ఒక వింత అలవాటు. ఎవరే ప్రశ్న అడిగినా, అది ఆకురాయి పట్టే పద్ధతి గురించైనా సరే, పెళ్ళాంతో పడే తగువు గురించైనా సరే, ముందు "ఇప్పుడు నీ చేతిలో ఏం పని ఉంది?" అని ఎదురడిగేవారు. పనేమీ లేదంటే ఆయన దగ్గర జవాబూ లేదు. ఉందంటే మాత్రం ఆ పని జరిగే చోటికే వచ్చి కూర్చునేవారు. విజయనగరంలో ఏళ్ళ తరబడి ఫిట్టరు కుర్రాళ్ళకి పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. ఆ కుర్రాళ్ళకి జుట్టు నెరిసినా ఆయన్ని వదిలిపెట్టలేదు. యంత్రాల సందేహాలతో వచ్చేవాళ్ళు తగ్గిపోయి, బతుకు సందేహాలతో వచ్చేవాళ్ళు ఎక్కువయ్యారు.

అలా వచ్చినవాళ్ళలో పైడిరాజు ఒకడు. ఊరి బయట జూట్ మిల్లులో సూపర్‌వైజరు. పనిమంతుడే గానీ ముక్కు మీద కోపం. ఆ వేళ మాస్టారి అరుగు మీద కూర్చోమన్నా కూర్చోలేదు, చెప్పులు విడుస్తూనే మొదలెట్టాడు.

"మాస్టారూ, నాకొక్కటి చెప్పండి. ఉన్న మాట చెప్పినవాడి నోరే ఎందుకు మూయిస్తారు?"

అతను అలా అడగడంలో న్యాయం ఉంది. మిల్లులో ఒక యంత్రానికి తిరిగే చక్రాల మీద ఇనుప తొడుగు ఉండాలి. చక్రాలకి నార చుట్టుకున్నప్పుడల్లా తొడుగు విప్పి, శుభ్రం చేసి, మళ్ళీ బిగించాలంటే కాసేపు పని ఆగుతుంది. అందుకని మేనేజరు ఆ తొడుగుని పూర్తిగా తీయించేసి మూలన పడేయించాడు. మనిషి చెయ్యి పోతే పోయింది గానీ యంత్రం ఆగకూడదు, అదీ ఆ మహానుభావుడి ఆలోచన. ఒకరోజు గౌరమ్మ అనే ఆవిడ కొంగు చక్రాల్లో పడి మనిషినే లాక్కుపోతుంటే, పక్కనున్నవాళ్ళు కరెంటు తీసేయబట్టి బతికి బయటపడింది. పైడిరాజుకి అరికాలి మంట నెత్తికెక్కింది. తిన్నగా మేనేజరు గదిలోకెళ్ళి, లోపల ఎవరున్నారో కూడా చూసుకోకుండా కడిగిపారేశాడు. దానికి ఆ పెద్దమనిషి తొడుగు గురించి ఒక్క ముక్క మాట్లాడితే ఒట్టు. "ముందు గొంతు తగ్గించు. నీ అరుపులు ఎవరూ భరించలేకపోతున్నారు" అన్నాడు. మర్నాటి నుంచి పైడిరాజుని గోడౌనులో గోనెల కాపలాకి పంపేశారు. సోమవారం పొద్దున్న అందరి ముందూ నిలబడి "తప్పయిపోయింది" అంటే పాత పని తిరిగిస్తారట. అనకపోతే ఇక గోడౌనే గతి. తప్పు చేసినవాడు ఫ్యాను కింద, తప్పని చెప్పినవాడు గోనెల మధ్య. వింటున్న మనకే ఒళ్ళు మండుతుంటే పడ్డవాడికి ఎలా ఉంటుంది?

మాస్టారు చివరిదాకా విని, "చేతిలో ఏం పని ఉంది?" అన్నారు.

ఇది కూడా తన నోరు మూయించడమే కాబోలు అనిపించింది పైడిరాజుకి. అయినా గురువు కదా, పళ్ళ బిగువున చెప్పాడు. ఇంటిని ఆనుకుని స్కూటరు పెట్టుకునే రేకుల షెడ్డు ఒకటుంది. దాన్నొక చిన్న వర్క్‌షాపు చేసుకుని, సెలవు రోజుల్లో పాత స్కూటర్లు విప్పి, బాగుచేసి, రంగు వేసుకోవాలని అతనికి చాలాకాలంగా కోరిక. రంగు కొట్టాలంటే గాలి కావాలి. అందుకని మూతపడ్డ పంక్చరు షాపులో తుప్పు పట్టి పడున్న ఒక పాత కంప్రెసరుని రిక్షా మీద వేయించుకు తెచ్చాడు. దాన్ని విప్పుతున్నాడు.

"అయితే కానియ్. నేనొచ్చి చూస్తాను" అన్నారు మాస్టారు. మిల్లు సంగతి మళ్ళీ ఎత్తలేదు.

ఆయన వచ్చిన రోజు పైడిరాజు షెడ్డులో నిప్పులు కక్కుతున్నాడు. సంగతేమిటంటే, గాలి నిండే ట్యాంకు నెత్తిన సేఫ్టీ వాల్వు ఉండాలి. లోపల గాలి హద్దు మీరితే అది తనంతట తాను తెరుచుకుని, బుస్సుమంటూ ఎక్కువైన గాలిని బయటికి వదిలేస్తుంది. ఆ వాల్వు ఉండాల్సిన కన్నంలో ఎవడో ఒక బోల్టు పెట్టి గట్టిగా బిగించేశాడు. షాపువాణ్ణి అడిగితే, మాటిమాటికీ బుస్సుమని చెవులు హోరెత్తిస్తోందని తీసేశామని తాపీగా చెప్పాడట.

"చూశారా మాస్టారూ. చెవులకి ఇబ్బందట. ట్యాంకు పేలితే చెవులేం ఖర్మ, తలకాయలే ఉండవు. పిల్లలు సైకిళ్ళకి గాలి కొట్టించుకునే చోట పెట్టాడు దీన్ని. వీడసలు మనిషేనా?" అంటూ ఆ బోల్టుని ఊడబీకి, పాత మరలు వేసుకునే డబ్బాలో విసిరికొట్టాడు. మాస్టారు ఆ డబ్బా వైపు ఒకసారి చూశారు.

ఆ తరవాత పని బుద్ధిగానే సాగింది. పైడిరాజు పనితనానికి వంక పెట్టడానికి లేదు. ట్యాంకు అడుగున పేరుకున్న తుప్పు నీళ్ళు ఒంపేశాడు. అరిగిన రింగులు మార్చాడు, కొత్త బెల్టు వేశాడు. ట్యాంకు గట్టిదో కాదో తేల్చడానికి దాన్నిండా నీళ్ళు పోసి, చేతిపంపుతో ఒత్తిడి పెట్టి చూశాడు. లోపం ఉంటే నీళ్ళు కారతాయి గానీ గాలిలా పేలవు. చుక్క కారలేదు. బజారుకెళ్ళి కొత్త సేఫ్టీ వాల్వు తెచ్చి బిగించాడు. గాలి ఎంతుందో చూపించే మీటరు మాత్రం పాతదే ఉంచుకున్నాడు. ఇత్తడి కట్టు, మందపాటి అద్దం, చూడ్డానికి పాత గోడ గడియారంలా హుందాగా ఉంది. దాన్ని చింతపండుతో తోమి తళతళలాడించి మురిసిపోయాడు.

"మీటరు కూడా ఆ షాపుదే కదా?" అన్నారు మాస్టారు.

"దీనికేం మాస్టారూ, పాతకాలం సరుకు. నిఖార్సయింది" అన్నాడు పైడిరాజు.

శనివారం సాయంత్రం మొదటిసారి మోటారు వేశాడు. తనంతట తాను ఆగే స్విచ్చి ఇంకా పెట్టలేదు కనక, ముల్లు నూట ఇరవై పౌన్ల దగ్గరికి రాగానే చేత్తో ఆపాలని అతని ఆలోచన. ముల్లు చకచకా ఎనభై దాకా వెళ్ళి అక్కడ నెమ్మదించింది. కాసేపటికి కొత్త వాల్వు ఒక్కసారి బుస్సుమంది. పైడిరాజు ఉలిక్కిపడి మోటారు ఆపాడు. అడుగునున్న తూము తిప్పి గాలంతా వదిలేసి, వాల్వుని పట్టుకుని ఊపి చూసి, మళ్ళీ మొదలెట్టాడు. మళ్ళీ అంతే. ముల్లు ఎనభై మీద ఉండగానే వాల్వు గోల. ఇక చూడండి అతని తిట్లు. నకిలీ సరుకు అంటగట్టిన కొట్టువాణ్ణి, ఆ కొట్టువాడి వంశాన్ని, ఇలాంటి సరుకు అమ్మనిస్తున్న లోకాన్ని, ఎవర్నీ వదల్లేదు. ఎనభైకే అరిచే వాల్వు కూడా ఒక వాల్వేనా అన్నాడు.

అతని భార్య రమణమ్మ షెడ్డు గుమ్మంలో నిలబడి చూస్తోంది. షెడ్డు గోడకి అవతల పక్క గదిలోనే ఆవిడ తల్లి మంచం. ముసలావిడ కాలు విరిగి మంచం దిగలేక పడి ఉంది.

"ఏమండీ, ఆ మీటరు..." అంది రమణమ్మ.

"నువ్వాగు."

"అది కాదండీ, ఇందాక గాలి పోయాక చూస్తే..."

"ఆగమన్నానా? ఇక్కడ నా తల పగిలిపోతుంటే మధ్యలో నీ గోలొకటి. పొయ్యి మీద ఏముందో చూసుకో పో."

ఆవిడ వెళ్ళిపోయింది. రాత్రి అన్నం వడ్డిస్తూ మరోసారి ఎత్తబోయింది. అతను చెయ్యి కడిగేసుకుని లేచిపోయాడు. పొద్దున్న కాఫీ ఇస్తూ మళ్ళీ నోరు తెరిచింది. "నీకు నస పెట్టడం తప్ప ఇంకో పని లేదా" అన్నాడు. మిల్లులో మేనేజరు మాట విని రగిలిపోయిన మనిషే ఈ మాట కూడా అన్నాడు. అన్నట్టు తనకే తెలియలేదు.

ఆదివారం కొట్లు తియ్యరు. మర్నాడు మిల్లులో ఏమవుతుందో తెలీదు, కనీసం ఇవాళైనా స్కూటరుకి రంగు కొట్టి కడుపులో మంట చల్లార్చుకోవాలనుకున్నాడు. ఆ వాల్వు విప్పేశాడు. పాత మరల డబ్బా కింద గుమ్మరించి, వెతికి వెతికి, ఆ బోల్టే తీశాడు. అవును, ఆ బోల్టే. మంచి వాల్వు దొరికేదాకానే కదా అనుకుని, ఆ కన్నంలో పెట్టి పానాతో బిగించాడు. పంక్చరు షాపువాడు కూడా సరిగ్గా అలాగే అనుకుని ఉంటాడు. మోటారు వేశాడు. ముల్లు ఎనభైకి వచ్చింది. బుస్సుమనడం లేదు, గోల లేదు. షెడ్డు ఎంత ప్రశాంతంగా ఉందంటే, పైడిరాజు రంగు డబ్బా మూత తీసి పుల్లతో కలుపుతూ కూర్చున్నాడు. ముల్లు నూట ఇరవైకి ఎక్కగానే లేద్దామని చూస్తున్నాడు. అది ఎక్కడం లేదు. మోటారు మూలగడం మొదలెట్టింది, కొత్త బెల్టు కదా అనుకున్నాడు.

మాస్టారు వచ్చింది అప్పుడే. గుమ్మంలో ఒక్క క్షణం నిలబడి మోటారు చప్పుడు విన్నారు. ట్యాంకు నెత్తిన బోల్టు చూశారు. గబగబా గోడ దగ్గరికెళ్ళి స్విచ్చి కట్టేశారు.

"అమ్మా రమణమ్మా, ఈ గోడ పక్కన ఎవరున్నారు?"

"మా అమ్మండి. పడుకునుంది."

"మంచంతో సహా ముందు గదిలోకి జరిపించు తల్లీ. ఇప్పుడే."

ఇరుగుపొరుగువాళ్ళు సాయం పట్టి మంచం జరిపారు. అది జరిగేదాకా మాస్టారు కదల్లేదు, పైడిరాజుని కదలనివ్వలేదు. ఆ తరవాత వంగి, ట్యాంకు అడుగున తూముని కొద్దికొద్దిగా తిప్పారు. గాలి రంకెవేస్తూ బయటపడింది. నేల మీద దుమ్ము లేచి షెడ్డంతా కమ్మేసింది. ఎంతకీ ఆగదు. పైడిరాజు చేతిలో రంగు పుల్ల అలాగే ఉండిపోయింది. ఎనభై మీదున్న ట్యాంకు అంత సేపు అరవదని అతనికి తెలుసు. గోడకి అటుపక్క మంచం ఉండిన చోటు వైపు చూడలేకపోయాడు.

ఎట్టకేలకి గాలి అయిపోయింది. తూము దగ్గర చెయ్యి పెడితే చల్లదనం తప్ప ఏమీ తగల్లేదు.

"లోపల గాలి ఎంతుంది?" అన్నారు మాస్టారు.

"లేదండి. అంతా పోయింది."

"మీటరేమంటోంది?"

పైడిరాజు తలెత్తాడు. తళతళలాడే ఇత్తడి కట్టులో, ముల్లు ఇంకా ఎనభై మీదే నిలబడి ఉంది. మాస్టారు వేలితో అద్దం మీద టకీమని కొట్టారు. ముల్లు ఒక్కసారి ఊగి సున్నాకి పడిపోయింది. ఎక్కేటప్పుడూ అది అక్కడే ఇరుక్కుపోతోంది, లోపల గాలి మాత్రం పెరిగిపోతోంది. నిన్న వాల్వు అరిచింది ఎనభైకి కాదు. దాని హద్దు దగ్గరే, సరిగ్గా అరవాల్సిన చోటే అరిచింది.

ముందు గదిలోంచి రమణమ్మ వచ్చింది. ఆవిడ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఏడుపు వల్ల కాదు, కోపంతో.

"నిన్న కూడా ఇదే మాస్టారూ. గాలంతా పోయాక కూడా ముల్లు కిందికి రాలేదు. ఈయన వాల్వు మీద చెయ్యేసి ఊపితే అప్పుడు పడింది. అదే చెబుదామని నిన్నటి నుంచీ వెంటపడుతున్నాను. మా అమ్మ ఆ గోడ పక్కనే ఉందండి" అంది. ఇంకేదో అనబోయి, మొగుడి మొహం చూసి, అనకుండా ఊరుకుంది. ఊరుకోవడం ఆవిడకి అలవాటై ఉంటుంది.

పైడిరాజుకి అలవాటైన కోపం మళ్ళీ పొంగింది. పానా అందుకుని ఆ మీటరుని పీకి బయట పారేయబోయాడు. మాస్టారు ఆ చెయ్యి పట్టుకుని ఆపి, పానా తీసుకుని, మీటరుకి బదులు బోల్టు విప్పారు. దాన్ని అతని అరచేతిలో పెట్టారు. ఇంకా వెచ్చగానే ఉంది.

తరవాత పైడిరాజే నెమ్మదిగా అడిగాడు.

"అయితే రేపు మిల్లుకెళ్ళి తప్పయిపోయిందని చెప్పమంటారా మాస్టారూ?"

"ఎందుకు?" మాస్టారి గొంతులో అంత కరుకుదనం అతనెప్పుడూ వినలేదు. "తొడుగు తీసింది నువ్వా? ఒక్క మాట కూడా వెనక్కి తీసుకోకు. గోనెల మధ్యే ఉండు, అక్కణ్ణించే అరుస్తూనే ఉండు. గౌరమ్మ ప్రాణం వాళ్ళ సొమ్ము కాదు."

పైడిరాజు తలూపాడు. బోల్టు వైపు చూసుకుంటూ, "మరి ఉన్న మాట చెప్పినవాడి నోరే ఎందుకు మూయిస్తారని ఆ రోజు నేనడిగిన దానికి మీరింకా జవాబు చెప్పలేదు" అన్నాడు.

మాస్టారు అప్పటికే చెప్పుల్లో కాళ్ళు పెడుతున్నారు.

"నన్నడిగితే ఏం చెప్పను? బిగించింది నువ్వు. ఎందుకు బిగించావో నువ్వే చెప్పాలి. నాకు కాదు" అని రమణమ్మ వైపు చూసి, ఆవిడకి వెళ్ళొస్తానని చెప్పి, వెళ్ళిపోయారు.