ఎర్రబండ తగవు సిలువ

ఎర్రబండపాలెం గుట్ట మీది సిలువను చుట్టుపక్కల ఊళ్ళవారు తగవు సిలువ అంటారు. మొదటిసారి వచ్చిన భక్తులు ఇక్కడి ప్రార్థన విని బిత్తరపోవడం మామూలే. చేతులు జోడించి గొణిగేవారు తక్కువ. కొంగు నడుముకు బిగించి, ప్రభువును నిలదీసేవారే ఎక్కువ. ‘ఇదేం భక్తి?’ అని ముక్కున వేలేసుకునేవారు ముందు ఈ స్థలం కథ విని, ఆ తరువాత మాట్లాడవలసిందిగా మనవి.

పూర్వం ఇక్కడ రాళ్ళు కొట్టి బతికే కొన్ని కుటుంబాలు ప్రభువును నమ్ముకొని, గుట్ట మీద తుమ్మకర్రతో సిలువ నిలుపుకున్నాయి. వారిలో రాహేలమ్మ ఒకతె. ఒక వానాకాలం ఆమె పెనిమిటి దావీదు బండ విరిగి మీదపడి కన్నుమూశాడు. ఊళ్ళో సగం అరుగులకు రాయి కొట్టి ఇచ్చిన మనిషి అతడు.

వీరి సమాధుల దొడ్డి ఊరికి అవతల ఉండేది. ఎప్పుడూ వాగు దాటి తీసుకుపోయేవారు. ఆనాడు వాగు పొంగి, ఎద్దు దిగినా నిలిచేలా లేదు. మిగిలింది పెద్దవీధి ఒక్కటే. ఊరి పెద్దలు ఆ వీధి మొదట బండ్లు అడ్డం పెట్టించారు.

“మీ శవం మా గడపల ముందునుంచి పోతే ఊరికి అరిష్టం. వాగు తీసేదాకా ఉంచుకోండి” అన్నారు.

ఏం మనుషులండీ! అతడు కొట్టిన రాయి మీద కాళ్ళు చాపుకొని కూర్చోవచ్చునట, అతడు మాత్రం ఆ దారిన పోరాదట!

మర్నాటికి శవం పాడవసాగింది. వాళ్ళకు ప్రార్థనలు జరిపే ఉపదేశి సామ్యేలు వచ్చి, “ఓర్చుకో అమ్మా, అంతా దేవుని చిత్తం” అన్నాడు. రాహేలమ్మకు ఒళ్ళు మండిపోయింది.

“ఆయన చిత్తమో, వాళ్ళ కొవ్వో, ఆయన్నే అడుగుతా” అని వానలోనే గుట్టెక్కింది.

“ఏమయ్యా, నిన్నూ ఊరి బయటికి ఈడ్చుకెళ్ళే కదా చంపారు! సిలువ మీంచి నీ శవాన్ని దించడానికి కూడా నీవాళ్ళు దొరను అడుక్కోవాల్సి వచ్చిందే! ఆ బాధ ఎరిగీ ఊరుకున్నావా? నీ ఓదార్పు నాకొద్దు. నా మొగుణ్ణి మోసే సత్తువియ్యి!”

ఆమె గొంతు పోయేదాకా అరిచి, ఆ కర్రకు తల ఆనించి, కరువుతీరా ఏడ్చింది. తనకు జరిగినదంతా ఆయనకూ జరిగిందని అప్పుడు గుండెకు తెలిసింది. లేచేసరికి, నిన్నటినుంచి పెద్దల పేరు చెబితేనే వణికిన మనిషిలో భయం మచ్చుకైనా లేదు.

ఆడది పాడె పట్టడం కనీవినీ ఎరుగని కాలమది. బండ్లు చూసి మగవారు జంకితే, రాహేలమ్మ ముందు భుజం పట్టింది. “రాళ్ళు మోసేవాళ్ళం, మనిషిని మొయ్యలేమా?” అంటూ తోటి ఆడవారు వచ్చి పట్టారు. వీధి మొదట పెద్దలు అడ్డుకున్నారు.

“బండ్లు తీస్తారా, ఈ గడప ముందే దించి కూర్చోమంటారా?” అన్నది రాహేలమ్మ.

శవం గడప దాటిపోతేనే అరిష్టమన్నవారికి, అక్కడే ఉండిపోతుందంటే గుండెలు జారిపోయాయి. కాడి కింద ఎన్నడూ చెయ్యి పెట్టనివారు బండ్లను తామే లాగారు. దావీదును పెద్దవీధి నడుమనుంచే సాగనంపారు.

నేటికీ తిరునాళ్ళలో సిలువను పెద్దవీధిన స్త్రీలే మోస్తారు. ఆ ఏడు భర్తను పోగొట్టుకున్న స్త్రీకి ముందు భుజం ఇవ్వడం ఆచారం. ఇద్దరు పట్టుకుంటే తప్ప నిలబడలేనివారు సైతం, బరువు భుజాన పడగానే ప్రభువు తోడుతో తమంతట తాము నడవడం ఏటా చూస్తున్నాం. ‘విధవ ఎదురురావడమేమిటి, అపశకునం’ అని సణిగే పెద్దమనుషులు ఆ వీధిలో ఇంకా ఉన్నారు. వారు తలుపులు వేసుకోవచ్చు. దారి మాత్రం ఆమెదే.