లూదియమ్మ పోసిన నీళ్లు

పిల్లలూ, మీకు నమ్మకం లేని పని ఒకటి చేయమని ఎవరైనా ఏడుస్తూ అడిగితే చేస్తారా? తొందరపడి చెప్పకండి. ముందు కథ వినండి.

మీ తాత వాళ్ల తాతకు ఇంకా మీసాలు మొలవని రోజుల్లో, ఒక ఏటి ఒడ్డున ఒక పల్లె ఉండేది. ఏటికి ఇవతల కతోలికుల పేట, అవతల బాప్టిస్టుల పేట. అందరూ ఏసయ్యను నమ్మినవాళ్లే. అయినా ఒకరి గుమ్మం ఒకరు తొక్కేవారు కాదు. "వాళ్లు బొమ్మలకు మొక్కుతారు" అని అవతలివాళ్లు. "వాళ్లకు మరియమాత అంటే లెక్కలేదు" అని ఇవతలివాళ్లు.

ఇంకో తేడా ఉంది, అది బాగా గుర్తుపెట్టుకోండి. కతోలికులు పసిబిడ్డ తలమీద నీళ్లు పోసి జ్ఞానస్నానం ఇస్తారు. బాప్టిస్టులు మాత్రం మనిషి ఎదిగి, తనంతట తాను నమ్మాకే ఏట్లో ముంచి బాప్తిస్మం ఇస్తారు. పసిబిడ్డకు పోస్తే అవి ఒట్టి నీళ్లే అంటారు.

రెండు పేటలకూ మంత్రసాని ఒక్కతే, లూదియమ్మ. ఆవిడ బాప్టిస్టు. నొప్పులు మొదలైతే మాత్రం ఏ పేటా అని ఎవరూ చూసేవారు కాదు.

ఒకనాడు ఇవతలి పేటలో శౌరమ్మకు తొలికాన్పు. ఆడబిడ్డ. నీలంగా పుట్టింది, ఏడవలేదు. భర్త రాయప్ప ఉపదేశి కోసం పరుగెత్తాడు. ఉపదేశి అంటే, స్వాములవారు ఊళ్లో లేనప్పుడు పేటను చూసుకునే పెద్ద. స్వాములవారంటే ఇప్పుడు మనం ఫాదర్ అంటామే, ఆయనే.

"పిన్నీ, నా బిడ్డకు నీళ్లు పొయ్యి," అంది శౌరమ్మ.

"నీ మొగుడు వస్తున్నాడమ్మా, కాస్త ఓర్చుకో."

"పిన్నీ, నా బిడ్డకు నీళ్లు పొయ్యి."

"మా వాళ్లలో అది లేదే తల్లీ."

"పిన్నీ, నా బిడ్డకు నీళ్లు పొయ్యి. లేకపోతే కంచె బయట పూడుస్తారు."

ఆ రోజుల్లో అంతే. జ్ఞానస్నానం లేని బిడ్డకు సమాధుల కంచె లోపల చోటు లేదు.

బిడ్డ ఊపిరి సన్నబడింది. లూదియమ్మ చెంబు అందుకుంది. శౌరమ్మ చెప్పిన మాటలే తానూ చెప్పింది. పిత పేర ఒకసారి, పుత్రుని పేర ఒకసారి, పవిత్రాత్మ పేర ఒకసారి పోసింది. కాసేపటికి బిడ్డ పోయింది.

ఉపదేశి ఇన్నాసయ్య వచ్చి సంగతి విన్నాడు. "ముంచేవాళ్ల మనిషి పోస్తే చెల్లుతుందా? కంచె బయటే," అన్నాడు.

"తల్లి అడిగింది, నేను పోశాను," అంది లూదియమ్మ.

సాయంత్రానికి స్వాములవారి బండి వచ్చింది.

"నీళ్లు పోశావా?"

"పోశాను స్వామీ."

"మూడు పేర్లూ చెప్పావా?"

"చెప్పాను."

"ఇందులో నీకు నమ్మకం ఉందా?"

"ఉందని చెప్పు పిన్నీ, నీ కాళ్లు పట్టుకుంటా," అని వెనక నుంచి రాయప్ప గొణిగాడు.

"లేదు స్వామీ. తల్లి అడిగింది, నేను పోశాను. ఆమె ఏ స్నానం కోరిందో ఆ స్నానమే ఇవ్వాలనుకున్నాను."

"చూశారా!" అన్నాడు ఇన్నాసయ్య.

"చూశాను. అంతే కావాలి," అన్నారు స్వాములవారు. "మన సభ చెప్పేది కూడా అదే. మనం ఇచ్చే స్నానమే ఇవ్వాలనుకుంటే చాలు, పోసింది ఎవరైనా చెల్లుతుంది."

బిడ్డను కంచె లోపల పూడ్చారు.

అయితే అవతలి పేటలో సంఘపెద్ద ఏలియా ఊరుకోలేదు. "అవి ఒట్టి నీళ్లేనని అందరి ముందూ అను. లేకపోతే నీకు బల్ల ఆపుతాం," అన్నాడు. బల్ల అంటే ప్రభువు పేర తీసుకునే రొట్టె, ద్రాక్షరసం.

"ఆ మాట ఏరు దాటి శౌరమ్మ చెవిన పడుతుంది పెద్దయ్యా. తల్లి అడిగింది, నేను పోశాను. అంతకుమించి నా నోట రాదు."

బల్ల ఆపారు. లూదియమ్మ గుడికి రావడం మానలేదు. చివరి వరసలో కూర్చునేది. రొట్టె పళ్లెం ఆమెను దాటి వెళ్లేది. చనిపోయేదాకా అంతే.

ఆమె పోయిన రోజు శౌరమ్మ ఏరు దాటి వచ్చింది. శవానికి స్నానం చేయించబోతున్నారు. "మొదటి చెంబు నేను పోస్తాను," అంది.

"మీ ప్రార్థనలు ఇక్కడ చదవడానికి వీల్లేదు," అన్నాడు ఏలియా.

"చదవను పెద్దయ్యా. మీరు ఎలా పొయ్యమంటే అలాగే పోస్తాను. చెప్పండి."

ఏలియా చెంబు తానే ముంచి ఆమె చేతికిచ్చాడు.

ఇప్పటికీ ఆ పల్లెలో ఏ పేటలో బిడ్డ పుట్టినా, మొదటి స్నానానికి మొదటి చెంబు ఎదుటి పేట ఆడమనిషే పోస్తుంది. "మీ వాళ్లలో ఇది ఉందా?" అని ఎవరూ అడగరు. పోసే మనిషి "తల్లి అడిగింది" అంటుంది. చుట్టూ ఉన్నవాళ్లు "పొయ్యి" అంటారు.

ఇక లేవండి. మిరపకాయల తొడిమలు తీయడం సగంలో వదిలేసి వచ్చాను. చీకటి పడేలోపు అది కానివ్వాలి.